తోక వాలిన ఇంపాలా

అమెరికాలో ఏటి పక్క లోయలోని ఎల్ సౌసీతో ఊళ్ళో ఎవరి బండి దగ్గరికైనా వెళితే ముందు చెయ్యి చాపి, వెనక చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో చూడాలి. అక్కడి మర్యాద అది. "బాగున్నావా" అని మనిషిని పలకరించడం ఆ తర్వాతే. బండి తోక ఎంత కిందికి వాలితే ఆ ఇంటివాళ్ళ తల అంత పైకి లేస్తుంది. పాత అమెరికా కార్ల మీద ఆ లోయవాళ్ళకి ఉన్న పిచ్చి అలాంటిది. నాలుగు తరాలైనా దిగలేదు.

ఆ తోకలు దించడంలో ఓర్లిండా ఆర్చులేటా చెయ్యి తిరిగిన మనిషి. స్ప్రింగు ఒక చుట్టు ఎక్కువ కోస్తే బండి గుంటలో పడ్డప్పుడల్లా నడుం విరుగుతుంది. తక్కువ కోస్తే ఊళ్ళో నవ్వులపాలు. ముప్ఫై నాలుగేళ్ళ ఓర్లిండాకి కొలబద్ద అక్కర్లేదు. నాలుగు వేళ్ళు పెట్టి చూసి, గ్రైండరు అందుకుంటుంది.

ఈసారి మాత్రం షెడ్డులో ఉన్నది గిరాకీ బండి కాదు. అరవై నాలుగు మోడల్ ఇంపాలా, ముదురు చెర్రీ రంగు. వాళ్ళ నాన్న అబెనీసియోది.

ఆమెకి మూడేళ్ళప్పుడు ఒక గుడ్ ఫ్రైడే పొద్దున ఆయన కూతురికి ఈస్టర్ గుడ్డు మీద రంగు వేసిచ్చి, తలకి సంపెంగనూనె లాంటి ఘాటైన నూనె రాసుకుని, బయటికి వెళ్ళాడు. అంతే. మళ్ళీ గుమ్మం తొక్కలేదు. "కాలిఫోర్నియా పోయాడు. బండి నాకిచ్చి పోయాడు" అని ఆయన అన్న కోస్మే చెప్పాడు. ఊరు నమ్మింది. ఓర్లిండా తల్లి కూడా నమ్మి, మంచం పట్టి, ఆరేళ్ళకి కన్నుమూసింది. పిల్లని కోస్మేనే పెంచాడు. స్పానరు పట్టుకోవడం కూడా ఆయనే నేర్పాడు.

ఇన్నేళ్ళూ ఓర్లిండా కడుపులో ఒకటే ప్రశ్న. ఎందుకు వదిలేశావు నాన్నా? ఈస్టర్ ఆదివారం ప్లాజాలో జరిగే బండ్ల ఊరేగింపులో ఈ ఇంపాలా తిప్పితే, ఫోటోలు ఎక్కడెక్కడికో పోతాయి. ఆయన ఎక్కడున్నా చూస్తాడు. ఒక్క ఫోన్ చేస్తాడు. ఆ ఒక్క ఫోన్ కోసమే ఈ తంటా అంతా.

కోస్మే పెదనాన్న ముప్ఫై ఒక్కేళ్ళు ఆ బండిని తన కొట్టంలో తాళం వేసి ఉంచాడు. అమ్మలేదు, నడపలేదు. మొన్న చలికాలం మంచు బరువుకి కొట్టం పైకప్పు కూలిపోతే, ఓర్లిండా అడగకుండానే ట్రక్కుకి కట్టి లాక్కొచ్చేసింది. మర్నాడు ఆయన వచ్చాడు. భారీ మనిషి. తనని తానే "మూడు సిమెంటు బస్తాల మనిషిని" అని చెప్పుకుని నవ్వుతాడు. వచ్చినప్పుడల్లా వేలి ఉంగరంతో ఇనుము మీద కొడతాడు. రెండుసార్లు, ఆగి ఒకసారి. అది ఆయన తలుపు తట్టే పద్ధతి.

ఆ రోజు నవ్వలేదు. "తెచ్చావుగా, ఉంచుకో. ముందు ఏమైనా చేసుకో బంగారం. వెనక మాత్రం ముట్టుకోకు."

"వెనకే కదా పెదనాన్నా నా పని."

"అమ్మాయ్. చెప్పింది విను."

వినలేదు. మాట వినే రకమైతే స్పానరు ఎందుకు పడుతుంది?

డిక్కీ తెరిస్తే లోపల నాలుగు సిమెంటు బస్తాలు, తడికి రాళ్ళైపోయి ఉన్నాయి. తోకని ఎత్తి దించే పంపులూ బ్యాటరీలూ కొనలేని పాతకాలం వాళ్ళు అలా బస్తాలు పడేసి తోక దించేవాళ్ళు. నాన్నదీ అదే బాపతని నవ్వుకుని, వాటిని దొర్లించి పెరట్లో పారేసింది. డిక్కీ ఖాళీ. తడి సిమెంటు వాసన మాత్రం పోలేదు. దాని కింద ఇంకో వాసన ఉంది, తీయగా, ఘాటుగా. ఎక్కడో ఎరిగిన వాసన.

బస్తాలు తీసినా తోక సరిగ్గా లేవలేదు. పాత స్ప్రింగులు కదా, చచ్చిపోయి ఉంటాయనుకుంది. అయితే విప్పుతుంటే కుడివైపుది చేతిలోంచి ఎగిరి, చెవి పక్కనుంచి దూసుకుపోయి, వెనక చెక్కగోడలో జానెడు లోతున దిగబడింది. చచ్చిన స్ప్రింగుకి అంత బలం ఉండదు. ఒక్క అంగుళం ఇటు వచ్చుంటే తల ఉండేది కాదు.

కొత్తవి బిగించింది. లెక్కప్రకారం ఐదు వేళ్ళు పట్టాలి. మూడే పట్టాయి.

ఇంకా గట్టివి తెప్పించింది. మూడే.

ఇరుసు పట్టుకునే కడ్డీలు విప్పి చూసింది, ఎక్కడా వంకర లేదు. చివరికి ట్రక్కు స్ప్రింగులు కోసి పెట్టింది. వాటితో బండి తోక ఎత్తుకుని కోడిపుంజులా నిలబడాలి. మూడే వేళ్ళు. అవే స్ప్రింగులు పక్కనున్న గిరాకీ ఇంపాలాకి బిగిస్తే ఐదు వేళ్ళకి మించి లేచింది. ఓర్లిండాకి పంతం వచ్చింది. మొదట తెచ్చిన కొత్త జతని ఆ గిరాకీ బండికి బిగించి, డిక్కీలో ఒక సిమెంటు బస్తా వేసింది. నాలుగు వేళ్ళు. ఇంకో అరబస్తా వేసింది. మూడు.

బస్తాన్నర. అంటే నూట నలభై పౌన్లు. నాన్న బండి ఖాళీ డిక్కీలో బస్తాన్నర బరువుంది.

"బక్కపల్చటి మనిషి బరువు" అని పైకే అనేసి, తన మాటకి తనే ఉలిక్కిపడింది.

అలా గుడ్ ఫ్రైడే వచ్చేసింది. ఊరేగింపుకి రెండే రోజులు. ఆ లోయలో గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఇనుము మోగకూడదు. మేకు కొట్టకూడదు, మట్టిలో పార దించకూడదు. దేవుడి కొడుకు మేకుల మీద వేలాడిన గంటలవి. తాగుబోతులు కూడా ఆ మూడు గంటలూ సీసా పక్కన పెడతారు. ఓర్లిండా మాత్రం తలుపు దగ్గరికి వేసుకుని, బండి వెనకభాగం జాకీతో లేపి, ఇరుసు కింద రెండు స్టాండ్లు పెట్టి, చక్రాలు ఊడదీసి కిందికి దూరింది. దేవుడు అర్థం చేసుకుంటాడులే అనుకుంది.

ఏప్రిల్ గాలి లేచింది. ఏటి ఇసుకంతా ఎత్తి లోయ మీద పోసింది. పన్నెండున్నరకే బయట సాయంత్రమైపోయింది. కరెంటు పోయింది. రేకుల మీద ఇసుక గరగరలాడుతోంది. చిన్న టార్చి నోట కరుచుకుని ఆమె పని చేసుకుంటోంది.

ఉంగరం మోగింది. రెండు. ఆగి ఒకటి.

తలుపు తోసుకుని కోస్మే వచ్చాడు. ఆ రోజు ఊరివాళ్ళు చర్చికి చేసే కాలినడక యాత్రలోంచి సగంలో వెనక్కి వచ్చేసినట్టున్నాడు, బూట్ల నిండా దుమ్ము. చేతిలో మొలక గోధుమపిండితో చేసే పనోచా గిన్నె, మీద గుడ్డ కప్పి ఉంది.

"బయటికి రావే! ఈ రోజు, ఈ వేళ, ఇనుము పట్టుకుంటావా? నీకు మతి ఉందా?"

ఆమె బయటికి పాకి, చేతులు తుడుచుకుంది. "ఆదివారానికి పూర్తవ్వాలి పెదనాన్నా. తోక లేవట్లేదు. చిత్రం చూడు, డిక్కీలో ఏమీ లేదు, బస్తాన్నర బరువు..."

"మూసెయ్ దాన్ని. మళ్ళీ కొట్టంలో పెట్టేద్దాం."

"ఎందుకు?"

ఆయన జవాబు చెప్పబోయాడు.

డిక్కీలోంచి చప్పుడు.

టక్. టక్. టక్.

మెత్తగా ఉంది. ఓపిక లేని చెయ్యి తట్టినట్టుంది. గాలి అనుకుందామంటే అది బయట ఉంది. ఈ చప్పుడు లోపల ఉంది.

టక్. టక్. టక్.

కోస్మే చేతిలో గిన్నె జారి పగిలింది.

"రేడియో పెట్టు" అన్నాడు గుసగుసగా.

"ఏంటి?"

"రేడియో! పెద్దగా పెట్టు! పెద్దగా పెట్టు, వినపడకూడదు..."

చప్పుడుకి భయపడ్డ మనిషి ఎవరని అడుగుతాడు. ఏమిటని అడుగుతాడు. ఈయన అడగలేదు. ఈయనకి ఆ చప్పుడు తెలుసు.

ఆమె వెళ్ళి డిక్కీ మూత ఎత్తింది. చీకటి. తడి సిమెంటు వాసన. ఆ వాసన కింద, ఇప్పుడు పోల్చుకుంది, ఆ తలనూనె. మూడేళ్ళ వయసులో నాన్న మెడ చుట్టూ చేతులేసినప్పటి వాసన. డిక్కీ ఖాళీగా ఉంది. మూత లోపలివైపు మాత్రం రంగు గీరుకుపోయి ఉంది. సన్నటి గీతలు. నాలుగేసి చొప్పున... ఎన్నో.

"పెదనాన్నా. నాన్న ఎక్కడ?"

"కాలిఫోర్నియా..."

"ఎక్కడ?"

కోస్మే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ముప్ఫై ఒక్కేళ్ళు బిగించిన మర ఊడిపోయింది.

"కొట్టాను" అన్నాడు. "పెద్దకొడుకుని నేనుండగా మా నాన్న బండి వాడికిచ్చాడు. మాటా మాటా పెరిగింది. చేతిలో జాకీ రాడ్డుంది. గుడ్ ఫ్రైడేనే. చచ్చాడనుకున్నా బంగారం... ప్రమాణం చేసి చెప్తున్నా, చచ్చాడనే అనుకున్నా. పూడ్చాలి కదా. ఆ రోజు మట్టి తవ్వకూడదు. పాపం కదా. అందుకని డిక్కీలో పెట్టి, మీద బస్తాలేశా."

తమ్ముడి తల పగలగొట్టిన చేతికి పార పట్టుకోవడం పాపమనిపించింది.

"మర్నాడు తవ్వొచ్చుగా" అంది ఓర్లిండా.

"శనివారం ఊళ్ళో మగాళ్ళంతా కాలవ పూడిక తీస్తున్నారు, ఏటి పొడుగునా. ఎక్కడికి తీసుకుపోను? ఆదివారం పొద్దున వాళ్ళంతా వచ్చారు, పద పద ఊరేగింపుకని. వద్దంటే అనుమానపడతారు. నడిపాను. ప్లాజాలోకి రాగానే... తట్టడం మొదలెట్టాడు."

ఓర్లిండా గోడకి ఆనుకుంది.

"జనం చుట్టూ ఉన్నారు. చప్పట్లు. రేడియో పెంచా. వాడు తడుతున్నాడు, నేను పెంచుతున్నా. అబ్బ, తోక ఎంత కిందికి దించావురా కోస్మే అన్నారు. కప్పు చేతిలో పెట్టారు."

ఆ కప్పు పెదనాన్న ఇంట్లో టీవీ మీద ఉంది. చిన్నప్పటినుంచి ప్రతి శనివారం దాన్ని బూడిదతో తోమి మెరిపించింది ఓర్లిండానే.

"చీకటి పడ్డాక కాలవ మూడో తూము దగ్గర విల్లో చెట్ల కిందికి తీసుకెళ్ళా. అప్పటికి... తట్టడం ఆగిపోయింది. అక్కడే పూడ్చేశా."

ఓర్లిండా జేబులోంచి ఫోను తీసి షెరీఫ్ ఆఫీసు నంబరు నొక్కబోయింది.

కోస్మే లేచాడు. అంత లావు మనిషి అంత వేగంగా లేస్తాడని ఎవరూ అనుకోరు. "వద్దు బంగారం" అంటూనే నేల మీది ఇనపరాడ్డు ఎత్తి విసురుగా కొట్టాడు. భుజం ఎముక పుటుక్కుమంది. ఫోను ఎటో ఎగిరిపోయింది. ఆమె వెల్లకిలా పడింది. రెండో దెబ్బకి పక్కకి దొర్లింది. మూడో దెబ్బ చెవి పక్కన సిమెంటు నేల మీద నిప్పులు లేపింది. తప్పించుకోవడానికి పాకుతూ ఎటు పోతోందో చూసుకోలేదు. సగం ఒళ్ళు బండి కిందికి వెళ్ళిపోయింది. పైన ఇరుసు. చక్రాలు లేవు.

"నేను పెంచాను నిన్ను!" కోస్మే ఏడుస్తున్నాడు. "నేనే పెంచాను!"

ఏడుస్తూనే కుడి స్టాండుని బూటుతో తన్నాడు. అది ఎగిరిపోయింది. రెండోది తన్నాడు. అదీ పోయింది. చివరికి జాకీని కూడా లాగేశాడు.

ఓర్లిండా కళ్ళు మూసుకుంది.

ఏమీ కాలేదు.

కళ్ళు తెరిచింది. ఇరుసు ముక్కుకి జానెడు దూరంలో ఆగి ఉంది. కింద ఏ ఆధారమూ లేదు. స్ప్రింగులు పూర్తిగా సాగి, సన్నగా మూలుగుతున్నాయి. బండి వెనకభాగం గాల్లో అలా నిలబడి ఉంది. పైకి... ఇంకా కొంచెం పైకి లేచింది. ఆ తలనూనె వాసన ముక్కుపుటాలు అదిరేలా వచ్చింది.

చెవి దగ్గర ఎవరో అన్నారు. చాలా మెల్లగా.

"పో అమ్మా."

ఆమె విరిగిన భుజంతోనే అవతలివైపుకి దొర్లేసింది.

కోస్మేకి అర్థం కాలేదు. పాపం, జీవితమంతా బండ్ల కిందే బతికిన మనిషి. ఏదైనా పడాల్సింది పడకపోతే ఎందుకు పడలేదో వంగి చూస్తాడు. అది అలవాటు, ఆలోచన కాదు. రాడ్డు పక్కన పడేసి, నేల మీద పడుకుని, ఇరుసు కిందికి తల పెట్టాడు.

బండి పడింది.

ఒక్కసారి కాదు. పడింది, లేచింది, మళ్ళీ పడింది. మళ్ళీ. పంపులు లేవు, బ్యాటరీలు లేవు. అయినా ఊరేగింపులో ఎగిరే బండిలా ఎగిరెగిరి పడింది. మొదటి దెబ్బకి అరుపు వచ్చింది. రెండోదానికి సగమే వచ్చింది. మూడోదానికి పచ్చి కొమ్మలు విరిగిన చప్పుడు. ఉంగరమున్న చెయ్యి బయటే ఉంది. అది నేల మీద కొట్టుకుంటోంది. టింగ్ టింగ్... టింగ్.

తర్వాత కొట్టుకోలేదు.

ఒంటిచేత్తో ఓర్లిండా జాకీ పెట్టి లేపబోయింది. ఎంత తిప్పినా జాకీ తల లేస్తోంది, రేకు సొట్టపడుతోంది, బండి మాత్రం లేవట్లేదు. పిడికిలితో మడ్‌గార్డుని బాదింది. "చాలు నాన్నా, చాలు" అని ఏడ్చింది. గంటలు మోగని రోజు కాబట్టి చర్చిలో చెక్క గిలక్కాయ తిప్పారు. మూడయింది. ఆ చప్పుడు వినపడగానే బండి తేలిగ్గా, ఊపిరి వదిలినట్టు, పైకి లేచింది.

షెరీఫ్ మనుషులు జాకీ జారి జరిగిన ప్రమాదమని రాసుకున్నారు. భుజం సంగతి అడిగితే మాత్రం పెదనాన్న కొట్టాడనీ, ఆయన ఒప్పుకున్నదీ ఉన్నదున్నట్టు చెప్పింది. తట్టిన చప్పుడు సంగతి మాత్రం చెప్పలేదు. సోమవారం మూడో తూము దగ్గర తవ్వారు. దొరికాడు. బక్కపల్చటి మనిషి. కుడిచేతి వేళ్ళ ఎముకలు నాలుగూ విరిగి ఉన్నాయని చెప్పారు. ఓర్లిండా తల్లి పక్కనే పాతిపెట్టారు. ఎందుకు వదిలేశావన్న ప్రశ్నకి జవాబు దొరికింది. వదల్లేదు. గోళ్ళు ఊడేదాకా ఇంటికి రావాలనే చూశాడు.

పాతిపెట్టిన రోజు సాయంత్రం ఒంటిచేత్తోనే చక్రాలు బిగించి, చెయ్యి పెట్టి కొలిచింది. ఐదు వేళ్ళు. మడ్‌గార్డు మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. నాన్న దిగిపోయాడు.

భుజం అతుక్కున్నాక స్ప్రింగులు పద్ధతిగా కోసి, మూడు వేళ్ళకి దించింది. ఏడాది పొడుగునా రోజూ కొలిచింది. మూడు అంటే మూడే. రాత్రీ పగలూ, ఎండా మంచూ, ఎప్పుడు చూసినా మూడే.

మరుసటి ఈస్టర్ ఆదివారం, ఎండ ఫెళ్ళున కాస్తుండగా, నాన్న బండి నడుపుకుంటూ ప్లాజాలోకి వచ్చింది. పక్క సీట్లో నాన్న ఫోటో. జనం రెండువైపులా ఈలలు వేస్తున్నారు. ఏళ్ళ తరబడి తోకలు కొలిచే ట్రాంకిలీనో తాత సిగరెట్ పెట్టె పట్టుకుని వచ్చి, వెనక చక్రం దగ్గర వంగాడు. చాలాసేపు లేవలేదు.

"ఏం చేశావే అమ్మాయ్!" అన్నాడు చివరికి, టోపీ వెనక్కి నెట్టుకుని. "పెట్టె కాదు కదా, అగ్గిపుల్ల దూరట్లేదు. ఇంత కిందికి నా జన్మలో ఒక్కసారే చూశా. అదీ ఈ బండే."

"మూడు వేళ్ళు తాతా. పొద్దునే కొలిచా."

"మూడు వేళ్ళా! డిక్కీలో మూడు బస్తాలు పడేసుకొచ్చి నాకు కథలు చెప్తున్నావా?" పకపకా నవ్వి, కిటికీలోంచి కప్పు ఆమె ఒళ్ళో పెట్టేశాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల మధ్య వినపడింది. వెనక సీటు వెనకనుంచి. ఇనుము మీద ఇనుము.

టింగ్. టింగ్.

ఆగి...

టింగ్.

ఓర్లిండా నవ్వుతూనే ఉంది, జనం చూస్తున్నారు కాబట్టి. చప్పుడు ఈసారి త్వరత్వరగా వచ్చింది. ఊపిరాడనివాడి తొందర. కారులో తలనూనె వాసన నిండింది. అది వెనకనుంచి రావడం లేదు, పక్క సీట్లోంచి వస్తోంది.

ఆమె చెయ్యి చాపి రేడియో మీట పట్టుకుంది. సగం దాకా తిప్పింది.

మిగతా సగం కూడా తిరిగింది. తిప్పింది ఆమె కాదు.